తోడు ఉంది సరే, పాలేవి?

గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళి ప్రకృతి వ్యవసాయం ఎవరు చేస్తున్నారని అడిగినా, గట్టు మీద నీలం డ్రమ్ము ఉన్న పొలం చూపిస్తారు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, మూతి మీద గోనెపట్టా, పక్కన కలియబెట్టే కర్ర. లోపల పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడన రెండు రోజులు పులియనిచ్చి, పూటపూటా కలియబెట్టి, వారంలోపు పొలానికి పారించాలి. జీవామృతం అంటే ఇంతే. ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టే ఇంత పాకింది. రెండేళ్ళు చేసి, బస్తాలు తగ్గాయని విసుగొచ్చి, ఆ డ్రమ్మును గేదెల కుడితికి వాడుకుంటున్నవాళ్ళూ తక్కువేం లేరు.

తప్పు డ్రమ్ముది కాదు. జీవామృతం తోడు లాంటిది. గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. ఖాళీ గిన్నెలో వేస్తే చెంచాడు పులుపే మిగులుతుంది. పొలానికి పాలంటే పచ్చిరొట్ట, పెంట, గడ్డి, రాలిన ఆకు, ఏడాది పొడుగునా నేలలో బతికుండే వేళ్ళు. ఇవి ఒకే పంట వేసే పొలంలో పుట్టవు. పశువు, పైరు, గట్టు, కుంట ఒకదానికొకటి ముడిపడ్డ కమతంలోనే పుడతాయి. నా వాదన ఇదొక్కటే: మన ప్రాంతంలో చిన్న కుటుంబం ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టాల్సింది కొట్టం దగ్గర, గట్ల దగ్గర. డ్రమ్ము వంతు ఆఖర్న.

ఇది ప్రభుత్వ కార్యక్రమానికి విరుద్ధమైన మాటేం కాదు. 2016 నుంచి ఈ పని చేస్తున్న రైతు సాధికార సంస్థ కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. నేలను 365 రోజులూ పచ్చగా కప్పి ఉంచాలని, రకరకాల పంటలు కలపాలని, పశువును వ్యవసాయంలోకి తిరిగి తేవాలని వాళ్ళూ చెబుతూనే ఉన్నారు. ఊళ్ళోకి వచ్చేసరికి అవన్నీ జారిపోయి డ్రమ్మొక్కటే మిగులుతోంది. కష్టమైన సలహాలకి ఎప్పుడూ పట్టే గతే ఇది.

కాస్త లెక్క చూద్దాం. సార్వాలో, అంటే వానాకాలం పంటగా, సాంబ మసూరి వరి ఎకరానికి 75 కిలోల బస్తాలు 25 అయ్యాయనుకోండి. గింజా గడ్డీ కలిసి నేల నుంచి తీసుకునే నత్రజని తక్కువలో తక్కువ 30 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల చిల్లర, కాబట్టి బస్తాన్నర యూరియా కింద లెక్క. ఇప్పుడు డ్రమ్ములోకి తొంగిచూడండి. పది కిలోల పచ్చిపేడలో 40 గ్రాములు, పది లీటర్ల మూత్రంలో బాగుంటే 100 గ్రాములు, రెండు కిలోల పిండిలో 70 గ్రాములు. బెల్లంలో చెప్పుకోదగ్గది లేదు. మొత్తం డ్రమ్ముకి 200 గ్రాముల పైచిలుకు. పదిహేను రోజులకోసారి చొప్పున పంటకాలంలో ఎనిమిది డ్రమ్ములు పారించినా రెండు కిలోలు నిండవు. మిగతా 28 కిలోలు?

సూక్ష్మజీవులు తెస్తాయంటారు. కొంత నిజమే. నిలవ నీటి వరిమడిలో నీలి ఆకుపచ్చ నాచు, నేలలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు గాలిలో నత్రజనిని పట్టుకుంటాయి. నేలలో ఉన్న సేంద్రియ పదార్థం కుళ్ళి కొంత విడుదలవుతుంది. అయితే కూలి ఇవ్వకుండా ఏ బ్యాక్టీరియా పనిలోకి రాదు. దాని కూలి కర్బనం. మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే "తక్కువ" అని రాసి ఇస్తారు. మీ కార్డు మీద ఆ మాట ఉంటే, మీరు డ్రమ్ములో పెంచి పంపిస్తున్న సేనకు పొలంలో తిండి లేదన్నమాట. మొదటి ఏడాది పాత యూరియా, డీఏపీల నిల్వ మీద పైరు నెట్టుకొస్తుంది, రైతు సంబరపడతాడు. రెండో ఏడు అసలు సంగతి బయటపడుతుంది. మానేసేవాళ్ళు ఎక్కువగా రెండో ఏడే ఎందుకు మానేస్తారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

పాలు ఎక్కడెక్కడ దొరుకుతాయో చూద్దాం. మాగాణిలో మొదటిది జీలుగ. ఎకరానికి 10 నుంచి 12 కిలోల విత్తనం తొలకరికి చల్లి, 45 రోజులకు, కాండం మెత్తగా ఉండగా, పూత మొదలయ్యే వేళకి కలియదున్నితే, పైరు దట్టంగా వచ్చిన చోట ఎకరానికి ఎనిమిది టన్నుల పచ్చిరొట్ట, 25 కిలోల నత్రజని దాకా నేలకి చేరుతుంది. పుస్తకంలో ఇంత తేలికైన పని ఇంకోటి లేదు. డెల్టాలో చిక్కల్లా కాలువ తేదీతో. 2015లో పట్టిసీమ మొదలయ్యాక గోదావరి నీళ్ళు ప్రకాశం బ్యారేజికి చేరి, కృష్ణా డెల్టాకి కాస్త ముందే నీళ్ళందే వీలు ఏర్పడింది. అయినా చివరి భూములకి నీరు చేరేసరికి జులై సగం గడుస్తుంది. అప్పుడు జీలుగ చల్లితే నాట్లు వెనకబడతాయి, నాట్లు వెనకబడితే కోత తుఫాన్ల నెలలోకి జారుతుంది. అందుకని చాలామంది 25 రోజులకే దున్నేస్తారు. దాంతో వచ్చేది సగానికి సగం తగ్గి, జీలుగతో ఏం లాభం లేదన్న మాట పుడుతుంది. జీలుగని కాలువ నీళ్ళతో ముడిపెట్టకూడదు. మినుము తీసేశాక మే నెలలో వచ్చే ఒకటి రెండు గట్టి వానల్ని నమ్మి, లేదా బోరున్న చోట ఒక తడి పెట్టి, జూన్ మొదటి వారానికల్లా మొలిపించాలి. ఇంకో పొరపాటు, దున్నిన మూడో రోజే నాటెయ్యడం. పచ్చిరొట్ట కుళ్ళేటప్పుడు వచ్చే వాయువులకి నారు వేళ్ళు నల్లబడి పసుపు తిరుగుతుంది. నీళ్ళు నిలగట్టి వారం, పది రోజులు ఆగాలి.

మెట్టలో, అంటే ప్రత్తిపాడు, పెదకూరపాడు వైపు నల్లరేగళ్ళలో, నవధాన్యాలు. పేరుకి తొమ్మిదే గానీ జొన్న, సజ్జ, పెసర, అలసంద, కంది, జనుము, నువ్వు, ఆముదం, గోరుచిక్కుడు, ఆకుకూరలు కలిపి ఇరవై రకాల దాకా వేస్తారు. ఎకరానికి పది పన్నెండు కిలోలు. విత్తనశుద్ధికి వాడే బీజామృతంలో తడిపి, బంకమన్నూ పేడపొడీ బూడిదా పట్టించి, నీడన ఆరబెట్టి, ఏప్రిల్, మే నెలల్లో పొడి దుక్కిలోనే చల్లుతారు. పట్టించిన మట్టి పొర చీమల నుంచి గింజను కాపాడుతుంది, చిటపట చినుకులకి తొందరపడి మొలవనివ్వదు. పైన గడ్డి కప్పు వెయ్యకపోతే మాత్రం సగం దండగ. పల్నాడు ఎండకి మట్టి పైపొర ఎంత కాలుతుందో చెప్పులు లేకుండా నడిచినవాళ్ళకి తెలుసు. విత్తనం కంటే పెద్ద చిక్కు వేసవిలో ఊరిమీద వదిలే మందలు. చుట్టూ పొలాలన్నీ బీడుగా ఉండి మీ చేనొక్కటే పచ్చగా ఉంటే అది ఊరి మేతబీడు అవుతుంది. కాపలా ఉండలేనప్పుడు పక్క పొలాలవాళ్ళు ఇద్దరు ముగ్గురినైనా కలుపుకుని వెయ్యాలి, లేదా ఇంటికి దగ్గరున్న ముక్కలో వేసి ఊరుకోవాలి.

ఇక మినుము. దీని గురించి అందరూ చెప్పుకునే మాట సగమే నిజం. పప్పుజాతి పంట వేస్తే నేలకి నత్రజని అందుతుందంటారు. నిజమే, వేళ్ళ బుడిపెలు పట్టుకుంటాయి. కానీ ఎకరానికి ఆరు క్వింటాళ్ళ మినుములు అమ్మితే, ఆ గింజలో సుమారు 23 కిలోల నత్రజని లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. బుడిపెలు పట్టిందాంట్లో పెద్ద భాగం అదే. నూర్చాక మిగిలిన కట్టె, పొట్టు కూడా కళ్ళంలో తగలబెడితే నేలకి మిగిలేది వేళ్ళూ రాలిన ఆకూ. అదే పొట్టు గేదె తిని, పేడగా మారి తిరిగొస్తే లెక్క వేరు. పప్పుధాన్యం వేసి పశువుని అమ్మేసినవాడికి ఆ ముడి సగంలో తెగుతుంది.

మాగాణి మినుము మన డెల్టా రైతులు ఎప్పటినించో చేస్తున్న అందమైన పని. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పదును ఉండగా, నిలబడ్డ చేలోనే ఎకరానికి 16 నుంచి 18 కిలోలు చల్లడం. దుక్కి లేదు, తడి లేదు, మంచుతోనే పండేది. కోత మిషన్ వచ్చాక ఇది దెబ్బతింది. చక్రాల బరువుకి పదును నేల గట్టిపడుతుంది, మిషన్ వెనక వరసలుగా పడ్డ గడ్డి కింద మొలక పాలిపోతుంది. కోశాక చల్లుదామంటే పదును ఆరిపోతుంది. దానికి పల్లాకు తెగులు తోడయింది. అందుకే ఎంతోమంది దున్నకుండా వేసే మొక్కజొన్నకి మారారు. తప్పుపట్టడానికి లేదు, అది డబ్బులిచ్చే పంట. కానీ నాలుగైదు బస్తాల యూరియా తాగుతుంది, తడులు అడుగుతుంది. సార్వా వరి, దాని మీద మొక్కజొన్న, ఏటా ఇదే వరస నడిస్తే నేల ఇచ్చుకుంటూ పోవడమే తప్ప పుచ్చుకునేది ఉండదు. నా సలహా, సగం మొక్కజొన్న, సగం మినుము వేసి ఏటా చోటు మార్చండి. కోతకి పది, పదిహేను రోజుల ముందే నీళ్ళు తీసేస్తే మిషన్ దిగబడదు, వెనకాలే గొర్రుతో విత్తితే పదును అందుతుంది. ఎల్‌బీజీ 787 లాంటి పల్లాకు తెగులును తట్టుకునే లాం పరిశోధన కేంద్రం రకాలు ఉన్నాయి. పైరుని అల్లుకుని పీల్చేసే బంగారు తీగ ఉన్న మడిలో మాత్రం మొహమాటం లేకుండా ఒకటి రెండేళ్ళు జొన్నో మొక్కజొన్నో వెయ్యాలి, గడ్డిజాతి మీద ఆ తీగ బతకదు. విత్తనాన్ని జల్లెడ పట్టుకోవాలి. తీగ గింజ మినుము కంటే చిన్నది కనుక కిందికి రాలిపోతుంది.

ఇప్పుడు కొట్టం. ఎన్ని పశువులు పెట్టుకోవాలన్నదానికి గడ్డివామే కొలత. ఎకరం వరికి రమారమి రెండు టన్నుల గడ్డి వస్తుంది. ఒక గేదె రోజుకి ఐదారు కిలోల గడ్డి తింటుంది, ఏడాదికి రెండు టన్నులు. ఎకరానికి ఒక పశువు, అంతే. రెండెకరాల మాగాణి ఉన్న ఇంట్లో రెండు. మూడోది కట్టేస్తే గడ్డి కొనాలి, గడ్డి కొన్నాక పాల లాభం ఆవిరి. పచ్చిమేతకి 20 సెంట్లలో పిల్లిపెసర, కొట్టం కడిగిన నీళ్ళు పారే చోట పది సెంట్ల నేపియర్ గడ్డి. మిషన్ కోతయితే గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించే ఖర్చు తప్పదు. ఆ ఖర్చు చూసి అగ్గిపుల్ల గీసేవాళ్ళకి ఒక మాట: వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో ఉండదు, గడ్డిలో ఉంటుంది. రెండు టన్నుల గడ్డి అమ్ముకుంటే 25 కిలోల పైన పొటాషియం బండెక్కించి పంపినట్టే.

నాటు ఆవా, గేదా అని గంటల తరబడి వాదించుకుంటారు. జీవామృతానికి నాటు ఆవు పేడే కావాలని, ఈ "సున్నా పెట్టుబడి" సాగుని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పారు, దానికోసం ఒంగోలు ఆవొకటి ఉంటే మంచిదే. పెంటకి మాత్రం కులగోత్రాలు లేవు. పేడ కంటే మనవాళ్ళు ఎక్కువ పోగొట్టుకునేది మూత్రం. పశువు విసర్జించే నత్రజనిలో సుమారు సగం అందులోనే పోతుంది, అది కొట్టం మట్టిలోకి ఇంకిపోతుంది, మధ్యాహ్నానికి కళ్ళు మండే వాసనగా గాలిలో కలుస్తుంది. ఆ వాసన మీ యూరియానే. గచ్చు వేస్తే నాలుగడుగులకి అంగుళం వాలు ఇచ్చి, చివర కుండో డబ్బానో పాతిపెట్టాలి. మట్టి నేలయితే పశువుకి రోజూ రెండు కిలోల చితికిన గడ్డి, వేరుశనగ పొట్టు, ఎండాకు ఏదో ఒకటి పరిచి, తడిసినదాన్ని పొద్దున్నే పేడతో పాటు ఎత్తెయ్యాలి. నెలకోసారి పైమట్టి నాలుగంగుళాలు చెక్కి దిబ్బలో కలిపి కొత్త మట్టి పోస్తే ఆ మట్టి కూడా ఎరువే.

దిబ్బని ఎండకీ వానకీ వదిలేస్తే మిగిలేది నార. మెట్టలోనయితే మూడడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గుంట తవ్వి, మూడేసి అడుగుల గదులుగా అనుకుని ఒక్కొక్కటే నింపుకుంటూ వెళ్ళాలి. నేల మట్టం మీద అడుగున్నర లేచాక మట్టీ పేడా కలిపిన పూత పూసి మూసెయ్యాలి. రెండు పశువులకి ఒక గది నిండటానికి నెలన్నర పైనే. పూశాక నాలుగైదు నెలలు ముట్టుకోకూడదు. తెనాలి, కొల్లిపర వైపు ఈ గుంట తవ్వితే ఆగస్టుకల్లా బావి అవుతుంది. అక్కడ అడుగెత్తు అరుగు మీద, చుట్టూ జానెడు గోడ కట్టి, పైన తాటాకు పందిరి వేసి పోగు పెట్టాలి. ఇలా దాచుకుంటే రెండు పశువుల మీద ఏడాదికి నాలుగైదు టన్నుల మాగిన ఎరువు, అందులో 20 కిలోల పైన నత్రజని.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా పొలానికి బయటనించి ఏమీ రాదు అని గొప్పగా చెప్పుకునేవాళ్ళ కొట్టంలో పత్తిగింజల చెక్క బస్తా, తవుడు బస్తా ఉంటాయి. రోజుకి రెండు కిలోల చెక్క పెడితే ఏడాదికి 700 కిలోల పైన, అందులో పాతిక కిలోల నత్రజని. దాంట్లో ముప్పాతిక వంతు పేడలోకి, మూత్రంలోకి వస్తుంది. తవుడుతో భాస్వరం వస్తుంది. అంటే అది పశువు కడుపులోంచి వచ్చే దొడ్డిదారి ఎరువు. తప్పేమీ లేదు, పాలు అమ్మి కొన్నదే కదా. కానీ "సున్నా పెట్టుబడి" అన్న మాట వాడేటప్పుడు ఆ బస్తాల వంక ఓసారి చూడాలి. పాలూ ధాన్యమూ అమ్మే ఏ కమతమైనా భాస్వరాన్ని ఊరు దాటిస్తుంది. ఏళ్ళ తరబడి డీఏపీ గుప్పించిన నేలల్లో ఆ లోటు తెలియడానికి చాలాకాలం పట్టొచ్చు, మూడేళ్ళకోసారి మట్టి పరీక్ష చేయించుకుంటే చాలు.

గట్ల సంగతి. చదరంగా ఉన్న ఎకరానికి చుట్టూ గట్టు 250 మీటర్ల పైన ఉంటుంది. అది ఉచితంగా దొరికిన భూమి అని చెప్పడం తేలిక. కంది, అవిసె, మునగ, గ్లైరిసీడియా, కొబ్బరి, అన్నీ వెయ్యమంటారు. డెల్టాలో ఈ సలహాకి అడ్డొచ్చేది ఎలుక. గట్టు వెడల్పు పెరిగేకొద్దీ బొరియలు పెరుగుతాయి, అందుకే వరి పొలంలో గట్లు సన్నగా చెక్కుకోమంటారు. రెండూ సరైన సలహాలే, రెండూ ఒక గట్టు మీద కుదరవు. లోపలి గట్లన్నీ అడుగు లోపు సన్నగా ఉంచి, వాటి మీద మూడడుగులకో కంది మొక్క. కాలువ వైపో బాట వైపో ఉన్న ఒక్క గట్టుని వెడల్పు చేసి దాని మీదే చెట్లు. గ్లైరిసీడియా రొట్టని ఏడాదికి మూడుసార్లు నరికి మడిలో తొక్కొచ్చు, అవిసె మేతకీ పనికొస్తుంది, తమలపాకు తోటల్లో తీగకి ఊతంగా పెంచే చెట్టు అదే కదా. నీడ విషయంలో మొహమాటపడొద్దు. చలికాలం మన దగ్గర పొద్దు దక్షిణంగా నడుస్తుంది, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరపు గట్టు మీద కొబ్బరి వేస్తే మీ పైరుకి దెబ్బలేదు, పక్కవాడి మినుముకి దెబ్బ. ఆ గట్టుకి అవతల డొంక ఉంటేనే వెయ్యండి. చెట్టు నీడ కోసం మూడు తరాలు మాట్లాడుకోని ఇళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నాయి.

పురుగు మందుల చర్చ ఎక్కువగా ఏ కషాయం అన్న దగ్గరే తిరుగుతుంది. వరిలో అసలు పని, నాటిన మొదటి 40 రోజులు ఏదీ కొట్టకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆకుముడత ఆ దశలో కనిపించినంత నష్టం చెయ్యదు, పైరు కోలుకుంటుంది. ఆ రోజుల్లో కొట్టే మందుకి ముందు చచ్చేది దోమని తినే సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ. అవి లేకపోవడం వల్లే అక్టోబరులో దోమపోటు మండల కొద్దీ కాల్చేస్తుంది. రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, మధ్యమధ్య నీరు తీసి ఆరగట్టడం, నత్రజని ఎక్కువ కాకుండా చూసుకోవడం, ఈ మూడు చేసిన మడిలో సాంబ మసూరి లాంటి సున్నితమైన రకం కూడా నిలబడుతుంది. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం లాంటి కషాయాలు ఆ తరువాతి మాట.

మిరప దగ్గర మాత్రం నేను అంత ధీమాగా మాట్లాడను. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మందులు కొట్టిన చేలూ పోయాయి, కషాయాలు కొట్టిన చేలూ పోయాయి. చేను చుట్టూ రెండు మూడు సాళ్ళ జొన్న మిరప నాటడానికి ముందే లేచి ఉండాలి, నీలం జిగురు అట్టలు పైరు ఎత్తులో పెట్టాలి, ఘాటు మందులు వరసగా కొట్టడం ఆపాలి. బంతి వేస్తే చాలంటారు, బంతి శనగపచ్చ పురుగుకి ఎర, తామర పురుగుకి కాదు. ఇవన్నీ ఉధృతిని తగ్గిస్తాయి, ఆపలేవు. కాబట్టి గుంటూరు యార్డు ధర ఎంత ఊరించినా చిన్న కుటుంబం భూమిలో పాతిక శాతానికి మించి మిరప వెయ్యకూడదని నా అభిప్రాయం. అది పోయినా ఇల్లు గడిచేలా ఉండాలి.

కోళ్ళూ చేపలూ చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ వాటి గురించి ఎక్కువ రాయను. ఇరవై నాటుకోళ్ళు చాలు. పిల్లకి ఏడో రోజు లాసోటా టీకా చుక్క, ఎనిమిదో వారం ఆర్‌టూబీ సూది వేయించకపోతే కొక్కెర తెగులుకి ఒక్క వారంలో గంప ఖాళీ. కూరగాయల మడి పక్కన వల కట్టకపోతే తోట ఖాళీ. పది సెంట్ల కుంటలో 200 చేపపిల్లలు, బొచ్చె నాలుగు వంతులు, రాగండి మూడు, మోసు మూడు. వారానికి పది కిలోల పేడ. మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే పేడ ఆపి కొత్త నీళ్ళు పెట్టాలి. పై పొలాల మురుగు ఆ కుంటలోకి రాకూడదు. పైరిత్రాయిడ్ మందు కొట్టిన చేని నీళ్ళు కాసిని చాలు, చేపలన్నీ తేలిపోతాయి.

ఇన్ని ఉంటే చేసేదెవరు? అందరూ దాటేసే ప్రశ్న ఇది. రెండు పశువులకి పాలు తియ్యడం, మేత, కొట్టం కలిపి రోజుకి మూడు గంటలు, పండగ లేదు, పెళ్ళి లేదు. కొత్తగా ఏదైనా చేర్చేముందు దాని రద్దీ నెల చూసుకోవాలి. మిరపకోత జనవరి నుంచి మార్చి దాకా, మినుము పీకేది ఫిబ్రవరి, మార్చిలో. రెండూ ఎక్కువెక్కువ వేసినవాళ్ళు కూలీల కోసం ఊరూరా తిరగాల్సిందే. పసుపు తవ్వకమూ ఆ రోజుల్లోనే పడుతుంది, దుగ్గిరాల ధర ఎంత బాగున్నా దాన్ని మూడోదిగా నెత్తికెత్తుకోకూడదు. దానికి బదులు వారంవారం కోసే ఆకుకూర, అరటి, కరివేపాకు ఇరవై సెంట్లలో ఉంటే 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లకో, పక్క ఊరి సంతకో వెళ్తాయి. డబ్బు వచ్చే రోజులు కూడా విడివిడిగా ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరీ పోయింది, మిరపా దెబ్బతింది. తుఫాను మర్నాడు కూడా గేదె పాలిస్తుంది. లంక గ్రామాలవాళ్ళకి మాత్రం ఆ మాటా చెల్లదు. 2024 సెప్టెంబరులో బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ముందు కదిలించాల్సి వచ్చింది పశువుల్నే. అక్కడ కొట్టం కరకట్టకి నది వైపు కట్టకూడదు.

ఈ రాసిందంతా సొంత భూమి ఉన్నవాళ్ళకి బాగా నప్పుతుంది. డెల్టాలో దున్నేవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. 2019 చట్టం కింద ఇచ్చిన సాగు హక్కు పత్రానికి గడువు 11 నెలలు. పన్నెండో నెలలో పొలం ఎవరి చేతికి పోతుందో తెలియనప్పుడు గట్టు మీద కొబ్బరి ఎవరు పాతుతారు, జీలుగ ఎవరి కోసం తొక్కుతారు? కౌలుదారు చెయ్యగలిగినవి ఏవో విడిగా చూసుకోవాలి. పశువు అతనిది, దిబ్బ అతని దొడ్లోది, గడ్డి చాలాచోట్ల అతనిదే. అడుగు గట్టు మీద కంది ఆ ఏడే చేతికొస్తుంది. జీలుగ సార్వా ముందు తొక్కితే సార్వా వరికే అందుతుంది, ఆ లాభం అతనికే. పెంట మాత్రం మొత్తం ఒకే ఏడు కౌలు పొలానికి తోలకుండా, ఇంటి పక్క సెంట్లలో కూరమడికి కొంత ఆపుకోవడం మంచిది. ఎరువులో ఆ ఏడు పైరుకి అందేది సగం లోపే, మిగతాది తరువాతి ఏళ్ళకి. కౌలు మాట్లాడుకునే రోజున, ఉగాదికి ముందు, భూస్వామిని మూడేళ్ళ మాట అడిగి చూడండి. ఎకరానికి రెండు టన్నుల పెంట తోలతానని, గడ్డి తగలబెట్టనని, కావాలంటే మట్టి పరీక్ష కార్డు మొదట్లోనూ చివర్లోనూ చూపిస్తానని చెప్పండి. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళ పొలంలో జీలుగ దాకా వేసి, పెంట మీ దొడ్లోనే ఉంచుకోండి.